జువ్విపాడు సులభ యుద్ధ నియమాలు

మా రెండు ఊళ్ళ మధ్య కొట్లాట మాన్పించడానికి ప్రభుత్వం వారు మాకు యుద్ధం నేర్పాలని నిర్ణయించారు.

ఎగువ జువ్విపాడు, దిగువ జువ్విపాడు. జంట ఊళ్ళు. ఒక తల్లి బిడ్డల్లాంటివని పెళ్ళిళ్ళలో మేం చెప్పుకుంటాం. తలకాయలు పగలగొట్టుకునే రకమని పోలీసులు చెబుతారు. రెండూ నిజమే. పెద్ద కాలవ మా దగ్గరికి చేరేసరికి మూలుగుతూ చేరుతుంది. చివరి భూములు కదా. వచ్చిన నాలుగు నీళ్ళూ ఒకే తూము దగ్గర పంచుకోవాలి. ఎడమ షట్టరు ఎత్తితే ఎగువ ఊరికి, కుడి షట్టరు ఎత్తితే మా దిగువ ఊరికి. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. దాంతో ఎవరికీ పేచీ లేదు. మొదటి వంతు ఎవరిదన్నదే పేచీ. ఏటా కాలవకు నీళ్ళు వదిలిన రోజున తూము దగ్గర కర్రలు లేస్తాయి, కొందరికి కుట్లు పడతాయి, మొదటి వంతు ఎవరిదో తేలిపోతుంది. ఆ కుట్లు వేయించుకున్నవాళ్ళే మాఘమాసంలో వియ్యమందుకుంటారు.

ఈ పద్ధతిలో నాగరికత లేదని కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి గారికి తోచింది. ఆయన కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఎక్కడో శిక్షణకు వెళ్ళి, అక్కడ బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధం చూసి వచ్చారు. చూసినదాన్ని ఎవరిమీదో ఒకరిమీద ప్రయోగించకపోతే శిక్షణ వృథా అవుతుంది గదా.

బడి వరండాలో సభ పెట్టారు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, అట్టముక్కల ఇళ్ళూ స్పాంజి చెట్లూ అమర్చి, బొటనవేలంత సిపాయి బొమ్మల్ని అటో జట్టు ఇటో జట్టు నిలబెట్టారు. వాటికి తుపాకులు, టోపీలు, నల్లకళ్ళద్దాలు కూడాను.

"ఘర్షణ అనేది మానవ సహజం," అన్నారు ప్రత్యేకాధికారి గారు. "దాన్ని మేము నిషేధించం. బల్ల మీదికి తరలిస్తాం. ఇకనుంచి మీ ఉభయ గ్రామాల ఘర్షణను ఈ బొమ్మలు నిర్వహిస్తాయి. గెలిచిన గ్రామానికి మొదటి వంతు నీరు. ఈ ప్రక్రియలో మీరందరూ స్టేక్‌హోల్డర్లు."

ఎగువ ఊరి పెద్ద చెంచురామయ్య లేచాడు. నాకు వరసకు మామ. మనిషి ఆరడుగులు, గొంతు ఇంకో ఆరడుగులు.

"ఆ హోల్డర్లంటే ఏంది సార్?"

"వాటాదారులు."

"వాటా ఉంటే నీళ్ళియ్యండి. బొమ్మలెందుకు?"

"బొమ్మల ద్వారానే ఇస్తాం."

"మరి దెబ్బలెవరికి తగుల్తయ్?"

"బొమ్మలకే."

"అయితే కుట్లెయ్యడానికి దర్జీని పిలవాల," అన్నాడు మామ. వరండా అంతా నవ్వింది. ఇంతలో మిరపకాయ బజ్జీలొచ్చాయి. అవి తింటున్నంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు గనక ఉభయ గ్రామాలూ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు రాసుకున్నారు.

బజ్జీ ముట్టనిది మా బసవమ్మ పిన్ని ఒక్కతే. పిన్ని ఎకరన్నర కౌలుకు చేస్తుంది. కాలవ నమ్ముకుంటే కాదని, మంచినీళ్ళ బోరు దగ్గర్నించి బిందెలతో మోసి మరీ నారు పోసింది. నారు పచ్చగా, జానెడుకు పైన లేచి ఉంది. నాట్లకు మడి దమ్ము చేయడానికి నీళ్ళు రావడమే తరవాయి.

"బాబూ, ఈ ఆట అయిందాకా నీళ్ళ సంగతేంది?" అని అడిగింది.

"ఆట పూర్తయ్యే వరకు నిష్పక్షపాత దృష్టితో రెండు షట్టర్లనూ మూసి ఉంచుతాం, అమ్మా."

అలాగే మూశారు. నీళ్ళు తూము దాటి మురుక్కాలవలో పడి, అక్కడినుంచి సముద్రంలోకి పోవడం మొదలైంది. సముద్రం ఏ ఊరి పక్షమూ కాదు కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు.

ఆటకు నియమాలు కావాలి. ప్రత్యేకాధికారి గారు పెట్టిన షరతు ఒక్కటే: రైతులు నేర్చుకోవడానికి తేలికగా ఉండాలి. తేలిక అన్న మాట రాగానే ఒక సంఘం అవసరమైంది. 'ఆధునిక చిరుఘర్షణ సులభ నియమాల ఎంపిక సంఘం' అని పేరు పెట్టి, విశ్రాంత ఆచార్యులు పరాంకుశం గారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన జీవితంలో ఏ ఆటా ఆడలేదు. అందువల్ల ఏ ఆట మీదా పక్షపాతం లేదు. నన్ను గ్రామీణ సభ్యుడిగా వేశారు. డిగ్రీ చదివి పొలం చేస్తున్నవాణ్ణి రెండు ఊళ్ళలోనూ నేనొక్కణ్ణే. నా విధి ఏమిటంటే, నియమం చదివి వినిపించినప్పుడు అర్థం కాకపోతే చెయ్యెత్తడం.

మొదట వచ్చిన నియమాల పుస్తకం పట్టుమని పది పేజీలు లేదు. బొమ్మ ఒక్కోసారి జానెడు దూరం నడుస్తుంది; ఎదుటి బొమ్మ కనిపిస్తే పాచిక వేసి కాలుస్తుంది; గోడ చాటునుంటే దెబ్బ తగలడం కష్టం; మీరు ఒకసారి, మేం ఒకసారి. అంతే. టీ చల్లారేలోపు అయిపోయింది. నేను చెయ్యెత్తలేదు.

"మీకు అర్థమైందా?" అన్నారు పరాంకుశం గారు.

"పూర్తిగా అర్థమైందండీ."

"అయితే మీరు సామాన్యులు కారు. మీ అవగాహన ప్రమాణంగా పనికిరాదు." పుస్తకం పక్కన పెట్టారు. "పైగా ఇది ఇదివరకే సులభం. దీన్ని ఎంపిక చేస్తే మనం సులభతరం చేసిందేమిటి? రేపు పైనుంచి అడిగితే సమాధానమేమిటి?"

సంఘం దీర్ఘంగా చర్చించి, వచ్చినవాటిల్లోకెల్లా కఠినమైన పుస్తకాన్ని ఎన్నుకుంది. సులభం చేయడానికి దాంట్లో పుష్కలంగా అవకాశం ఉంది.

సులభం చేసే పని మొదలైంది. పద్ధతి ఏమంటే, ప్రతి నియమానికీ ఒక సులభ వివరణ, ఆ వివరణలో అనుమానం వస్తే దానికి ఉపవివరణ, ఉపవివరణ మొదటి నియమానికి విరుద్ధంగా ఉంటే ఒక సమన్వయ సూచిక. 'ఆటగాడు ఒక పావును కదపవలెను' అన్న వాక్యం దగ్గర సంఘం బండి దిగబడింది. లెక్కల విభాగం నుంచి వచ్చిన సభ్యుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పావు కదిలితే, మిగిలిన ముప్పావు ఏం చేయవలెను?"

"పావంటే నాలుగో వంతు కాదండీ," అన్నాను, "ఆటలో కాయ."

"ఆధారం?"

ఆధారం కోసం ఒక ఉపసంఘం వేశారు. అది పావును సగానికి పెంచాలని సిఫారసు చేసింది.

నియమాలు మూడు సంపుటాలయ్యాయి. అందరూ చదవగలిగేంత సులభం కావడంతో చదివారో లేదో తేల్చడానికి పరీక్ష పెట్టారు. పరీక్ష అనగానే పట్నంలో ఒకాయన బోర్డు కట్టాడు: 'సులభ నియమాలు కష్టపడి నేర్పబడును. హాస్టలు వసతి కలదు.' ఎగువ ఊరినుంచి కుర్రాళ్ళు చేరారని విని మావాళ్ళూ చేరారు. ఎదుటి ఊరివాడు చేస్తున్న పిచ్చి పని మనం చేయకపోతే వెనకబడిపోతామన్నది మా రెండు ఊళ్ళకూ ఉగ్గుపాలతో పెట్టిన విద్య.

తర్వాత తుపాకుల గొడవ. ఆట 'ఆధునికం' గనక బొమ్మల చేతుల్లో తుపాకులున్నాయి. రెండు సున్నిత గ్రామాలకు ఇన్ని తుపాకులు ఎవరి అనుమతితో వచ్చాయని పోలీసు శాఖ అడిగింది. లైసెన్సుకు దరఖాస్తు చేయాలంటే బొమ్మ సంతకం చేయాలి. చివరికి పరాంకుశం గారే మధ్యేమార్గం కనిపెట్టి, గోళ్ళు తీసుకునే కత్తెరతో తుపాకులన్నిటినీ కత్తిరింపజేసి స్టేషన్లో జమ చేయించారు. ఒట్టి చేతులు ముందుకు చాపి నిలబడ్డ ఆ సిపాయిల్ని చూస్తే, ఏదో అర్జీ పట్టుకొచ్చి బయట వరండాలో నిలబడ్డ మాలాగే ఉన్నారు. తుపాకుల్లేకుండా ఎలా కాల్చుకుంటాయని నేను అడిగాను. కాల్చుకున్నట్టు భావించవలెనని ఒక వివరణ చేర్చారు.

ప్రతి బొమ్మా ఒక రైతుకు ప్రతినిధి అన్నారు. దాంతో రెండు ఊళ్ళలోనూ బొమ్మల పంపకం పడింది. ఎవరికి టోపీ ఉన్న బొమ్మ, ఎవరికి టోపీ లేనిది, ఎవరిది ముందు వరస. చెంచురామయ్య మామ తన బొమ్మకు మీసాలు గీయించుకున్నాడు. మా పిన్ని కూడా వెళ్ళి వరసలో నిలబడింది.

"పాసుపుస్తకం?" అన్నాడు గుమాస్తా.

"కౌలుకు చేస్తన్నానయ్యా. పుస్తకం ఆసామి దగ్గరుంటది."

"అయితే బొమ్మ ఆసామికే వస్తుంది."

"ఆయన హైదరాబాదులో ఉంటాడు. ఈ పొలం ఎటుందో కూడా తెలవదు."

"బొమ్మకు తెలియనవసరం లేదమ్మా."

పిన్ని ఇంటికొచ్చి నారుమడి గట్టు మీద కూర్చుంది. "అబ్బాయ్, బొమ్మ పోతే పోయింది. నారు ముదిరిపోతా ఉందిరా. ఇంకొన్నాళ్ళు పోతే కణుపులు కడతది. ముదురు నారు నాటితే పిలకలెయ్యదు. ఎన్ని బిందెలు మోశానో నీకు తెలుసుగదా. సంఘంలో ఉన్నావంటగా, ఒక మాట చెప్పకూడదూ?"

చెప్పాను. నా మాటను గ్రామీణ సభ్యుని భావోద్వేగం అన్న శీర్షిక కింద నమోదు చేశారు.

మూడు సంపుటాలూ అచ్చయ్యాక ఒక్కో ప్రతి అన్ని శాఖలకూ 'తగు చర్య నిమిత్తం' పంపారు. కొంప ముంచింది ఆ ప్రతే. రెండో సంపుటంలో ఒక నియమం ఉంది: 'ఒక పక్షము వారి వంతు నడుచుచుండగా ఎట్టి ఆటంకమునూ కలిగించరాదు. వంతు ముగియు వరకు రెండవ పక్షము దేనినీ ముట్టరాదు.' ఇది పాచికలు వేసేవాళ్ళకు చెప్పిన మాట. కానీ నీటిపారుదల కార్యాలయంలో వంతు అన్న మాటకు, ఆ కార్యాలయం కట్టిన నాటినుంచీ, ఒకటే అర్థం. వంతంటే నీళ్ళు. వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా తగు చర్య తీసుకున్నారు. ఏ ఊరి వంతు మొదలైతే ఆ ఊరి షట్టరు ఎత్తాలి. ఆ వంతు ముగిసిందని లిఖితపూర్వకంగా తెలిపేవరకు ముట్టరాదు. తూము చూసుకునే లస్కరు సుభానీకి ఆ మేరకు హుకుం అందింది.

యుద్ధం రోజు షామియానా వేశారు, మైకు పెట్టారు, పరాంకుశం గారు ప్రసంగించారు. బొమ్మాబొరుసు వేస్తే మొదటి వంతు ఎగువ ఊరికి పడింది. చెంచురామయ్య మామ పాచిక చేతిలోకి తీసుకుని, తూము దగ్గర కర్ర విసిరినంత బలంగా విసిరాడు. పాచిక బల్లంతా దొర్లి, ఒక అట్ట ఇంటి గోడకు చేరగిలబడి, ఏటవాలుగా అంచు మీద నిలబడిపోయింది. ఒకవైపునుంచి చూస్తే నాలుగు, ఇంకోవైపునుంచి అయిదు.

"అయిదే!" అన్నారు ఎగువవాళ్ళు.

"నాలుగే!" అన్నాం మేం. ఎక్కువ పడితే లాభమో తక్కువ పడితే లాభమో రెండు పక్షాలకూ తెలియదు.

పరాంకుశం గారు సంపుటాలు తిరగేశారు. "పాచిక బల్ల కింద పడిన సందర్భం ఉన్నది. పాచికను పిల్లి ఎత్తుకొనిపోయిన సందర్భం కూడా ఉన్నది. ఏటవాలుగా నిలిచిన సందర్భమును మనము సులభతరము చేయలేదు. కావున విషయము సంఘ పరిశీలనకు నివేదించబడినది. అంతవరకు పాచికను ఎవరూ ముట్టరాదు."

పాచిక మీద గాజు గ్లాసు బోర్లించి, పక్కన ఒక కానిస్టేబుల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

అక్కడ తూము దగ్గర సుభానీ ఎడమ షట్టరు ఎత్తేశాడు.

ఎగువ ఊళ్ళో ఈలలు, కేకలు. కాలవ వాళ్ళ పొలాల్లోకి దూకింది. మామ మా ఊరి టీ బంకు దాకా వచ్చి మరీ మీసం దువ్వాడు. "నా వంతు ఇంకా అవలేదంటరా అల్లుడూ. నేనేం జెయ్యను? యుద్ధమన్నాక ఓపికుండాల. మీ వంతూ వస్తదిలే, కూకోండి."

మేం సుభానీ దగ్గరికి పరిగెత్తాం. "కుడి షట్టరు ఎత్తు సుభానీ, కొంచెం ఎత్తు. బెత్తెడు చాలు."

"నన్నేం జెయ్యమంటావన్నా? వంతు అయిందని కాయితం రావాల. అది రాందే చెయ్యేస్తే నా ఉద్యోగం ఊడుద్ది. అంచు మీద నిలబడ్డ పాచికని అడుగు పొయ్యి."

ఎగువ ఊరి మళ్ళు నిండాయి. దమ్ములు చేసుకున్నారు. మళ్ళు మళ్ళీ నిండాయి. షట్టరు దించేవాళ్ళు లేరు. గట్లు మునిగాయి. పోసిన నారంతా నీళ్ళ కిందికి వెళ్ళింది. గడ్డివాముల కింద తడి చేరింది. గేదెలు ఇంటి అరుగులెక్కాయి. ఎగువ ఊరి ఆడవాళ్ళు మామ గుమ్మం ముందు చేరి, "ఇంకెంతసేపయ్యా నీ వంతు?" అని తిట్టిపోశారు. మొదటి వంతు మాక్కావాలని ఏళ్ళ తరబడి తలలు పగలగొట్టించుకున్న ఊరు, ఆ మొదటి వంతులో పీకల్దాకా మునిగింది.

మామ లుంగీ ఎగగట్టుకుని షామియానాలోకి వచ్చిపడ్డాడు.

"అయ్యా, నాలుగే అనుకోండి."

"అనుకొనుటకు అవకాశము లేదు," అన్నారు పరాంకుశం గారు.

"మూడనుకోండి. సున్నా అనుకోండి!"

"పాచికకు సున్నా లేదు."

"అయితే ఓడిపోయాననుకోండి! దిగువోళ్ళే గెలిచారు. ఇదిగో, నా బొమ్మ చచ్చిపోయింది," అని మీసాల బొమ్మను తానే పడుకోబెట్టాడు.

"ఓటమిని అంగీకరించు హక్కు మీకు కలదు. అయితే అది మీ వంతు ముగిసిన పిమ్మటనే అమలులోనికి వచ్చును."

మామ గ్లాసు దగ్గరికి వంగి గట్టిగా తుమ్మబోయాడు. కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "తుమ్మితే కేసవుతుంది పెద్దాయనా. బయటికెళ్ళి తుమ్ముకో."

రెండు ఊళ్ళ పొలాల మధ్య ఒక మట్టికట్ట ఉంది. ఎగువ పొలాల్లోని నీళ్ళు మా వైపు జారిపోకుండా ఎప్పుడో వాళ్ళ తాతలు వేసుకున్నది. మర్నాడు పొద్దున్నే చెంచురామయ్య మామ ఊరందర్నీ వెంటేసుకుని ఆ కట్ట మీదికి వచ్చి మమ్మల్ని కేకేశాడు. మేం అలవాటు కొద్దీ కర్రలు, కర్ర దొరకనివాళ్ళు గునపాలు పట్టుకుని వెళ్ళాం. వాళ్ళ చేతుల్లో ఏమీ లేవు. మోకాళ్ళ దాకా బురద ఉంది.

"కొట్టండ్రా గండి," అన్నాడు మామ. "ఎక్కడైనా కొట్టండి. మేం అడ్డం రాం."

ఇంత మంచి అవకాశం మా ఊరికి ఎన్నడూ రాలేదు. నేను కర్ర మీద ఆనుకుని నిలబడ్డాను. "మా వంతు రాలేదు గదా మామా."

"నీ వంతు తగలెయ్య! మా నారు కుళ్ళిపోతా ఉందిరా."

"యుద్ధమన్నాక ఓపికుండాలంటివే."

మావాళ్ళు నవ్వారు. వాళ్ళల్లో ఒకడు కట్ట దిగి మా మీదికి రాబోయాడు, ఇంకొకడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. కర్రలు లేవడం ఒక్కటే తక్కువ. అప్పుడు పిన్ని మా మధ్యలోంచి వచ్చింది. భుజాన పార.

"వాళ్ళ నారు నీళ్ళెక్కువై పోతా ఉంది, నా నారు నీళ్ళు లేక పోతా ఉంది. మధ్యన ఇంత మట్టి. మీరు మూతులు తిప్పుకుంటా నిలబడతారేంది, తప్పుకోండి అవతలికి," అని కట్టలో పార దింపింది.

మొదటి దెబ్బకు చారెడు మట్టి లేచింది. రెండో దెబ్బకు పార రాయికి తగిలి ఖంగుమంది. మామ మావాడొకడి చేతిలోని గునపం లాక్కుని అటువైపునుంచి దిగాడు. ఆ తర్వాత ఎవరు ఏ ఊరివాళ్ళో తెలియకుండా మట్టి లేచిపోయింది. సన్నటి ధార ఒకటి గండిలోంచి తొంగిచూసి, కాస్త ఆగి, ఒక్క ఊపున మా పొలాల్లోకి విరుచుకుపడింది. ఎండి నెర్రెలిచ్చిన మళ్ళు గుటకలేస్తున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పిన్ని మడిలో వేలు పెట్టి, నారు మొదలు పీకి చూసింది. ముదిరింది. పూర్తిగా ముదరలేదు. "దగ్గర దగ్గరగా నాటితే గిట్టుబాటైద్ది," అంది. మా వైపు మిగిలిన నారు ఎగువవాళ్ళు కట్టలు కట్టుకుని తీసుకెళ్ళారు, వాళ్ళ దుక్కిటెడ్లు మా మళ్ళలోకి దిగాయి. అప్పటికి షామియానా దగ్గర కానిస్టేబుల్ డ్యూటీ మారి ఇంకో కానిస్టేబుల్ వచ్చాడు. పాచిక అలాగే ఉంది.

కబురు తెలిసి ప్రత్యేకాధికారి గారు, పరాంకుశం గారు జీపులో కట్ట దగ్గరికి వచ్చారు. కేసు పెడతారని మేం భయపడ్డాం. కానీ ప్రత్యేకాధికారి గారి ముఖం వెలిగిపోతోంది.

"ఒక్క దెబ్బా లేకుండా ఘర్షణ ముగిసింది! పథకం నూటికి నూరుపాళ్ళూ విజయవంతం. దీన్ని అన్ని కాలవలకూ విస్తరిస్తాం. ఆచార్యా, నివేదిక తయారు చేయండి."

"చేయవచ్చును," అన్నారు పరాంకుశం గారు గండిలోకి చూస్తూ. "కానీ విజేత పేరు లేక నివేదిక పూర్తి కాదు. నీళ్ళు వదులుకొన్నవారు గెలిచినట్లా, నీళ్ళు పొందినవారు గెలిచినట్లా?"

ప్రత్యేకాధికారి గారు చెంచురామయ్య మామను అడిగారు. మామ అరక తోలుతూ, "ఎద్దుల్ని అడగండి సార్," అన్నాడు. నన్ను అడిగారు. నేను సంఘ సభ్యుణ్ణి గనక నా అభిప్రాయం పక్షపాతం కిందికి వస్తుందని చెప్పి తప్పుకున్నాను.

ఆయన బూట్లతోనే మడిలోకి దిగి పిన్ని దగ్గరికి నడిచారు. పిన్ని నడుం వంచి నాటు వేస్తోంది. పక్కన ఆడవాళ్ళు వరసగా వంగి వెనక్కి జరుగుతున్నారు.

"అమ్మా, మొదటి పార మీదేనట. మీరు ప్రత్యక్ష సాక్షి. రాష్ట్రమంతా మీ మాట కోసం చూస్తోంది. ఒక్క ముక్కలో చెప్పండి, ఎవరు గెలిచారు?"

పిన్ని తలెత్తలేదు.

"కాస్త జరుగు బాబూ, నారు మీద నిలబడ్డావు."

ప్రత్యేకాధికారి గారు కిందికి చూశారు. బూటు కింద నారుకట్ట సగం బురదలోకి దిగబడి ఉంది. ఆయన ఒక కాలు ఎత్తారు. ఎత్తిన కాలు ఎటు వేయాలా అని గట్టు మీదున్న పరాంకుశం గారి వైపు చూశారు.

పరాంకుశం గారు చంకలోని మూడో సంపుటం తీసి, విషయసూచిక తెరిచారు.